కుర్చీలోంచి ఎలా లేస్తున్నారు?

ఇంట్లో పెద్దవాళ్లు కుర్చీలోంచి ఎలా లేస్తున్నారో ఈ రోజు ఒక్కసారి గమనించండి. రెండు చేతులూ ఆనించి, ముందుకు వంగి, లేవబోయి మళ్లీ కూలబడి, రెండోసారికి 'అమ్మా' అంటూ లేస్తున్నారంటే 'వయసు కదా' అని వదిలెయ్యకండి. కండ కరిగిపోతూ ఉండొచ్చు. డాక్టర్లు దీన్ని సార్కోపీనియా అంటారు. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోడానికి 12 సెకన్లో, అంతకన్నా ఎక్కువో పడితే అనుమానించాలని ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పింది. పైసా ఖర్చు లేని పరీక్ష.

మమ్మల్ని బాధపెడుతున్నది ఇదీ: మన చెన్నైలో టి.నగర్‌లోనో విల్లివాక్కంలోనో, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మామ్మగారిని ప్రేమకొద్దీ మంచం దిగనివ్వం. 'నువ్వు కదలకు, మంచినీళ్లు నేను తెస్తాగా' అంటాం. జబ్బేమీ లేని పెద్దవాళ్లని పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక పరిశోధనలో కాళ్లలో దాదాపు కిలో కండ తగ్గింది, ఇక జబ్బుపడి లేచినవాళ్ల సంగతి వేరే చెప్పాలా? పడతానేమోనన్న భయంతో నడక తగ్గుతుంది, నడక తగ్గేకొద్దీ కాళ్లు ఇంకా సన్నబడతాయి.

కానీ పోయిన బలం తిరిగొస్తుంది. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల వయసువాళ్ల చేత ఎనిమిది వారాలు బరువులతో వ్యాయామం చేయిస్తే కాళ్ల బలం రెట్టింపు దాటింది. నడక మంచిదే గానీ అదొక్కటే చాలదు, కండకి బరువు తగలాలి, ఆ బరువు మెల్లమెల్లగా పెరగాలి. ముందు ఎత్తు కుర్చీలోంచి లేవడం, అలవాటయ్యాక కాస్త పొట్టి కుర్చీ, గోడ పట్టుకుని మడమలెత్తడం. ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాకే మొదలుపెట్టండి. తిండి సంగతీ చూడాలి. రెండు ఇడ్లీలు, చారన్నం, పెరుగన్నంతో రోజు గడిస్తే కండ ఎక్కడ్నుంచి వస్తుంది? కిలో శరీర బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి, గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. పప్పు గట్టిగా వండండి, సెనగలు పెట్టండి. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టర్ని అడగాలి.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' (అంటే ప్రజల్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం) పథకంలో ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేసే ఏర్పాటుంది. మంచి పథకం. బీపీ మాత్రలిచ్చేందుకు గడప తొక్కే కార్యకర్త అదే చేత్తో ఈ కుర్చీ పరీక్షా చేయించాలి, 12 సెకన్లు దాటినవాళ్ల ఇంటికి, వాళ్లు పడి తుంటి విరగ్గొట్టుకోకముందే, ఫిజియోథెరపిస్టుని పంపాలి. ఆస్పత్రులు డిశ్చార్జ్ కాగితం మీద మందులతోపాటు ఏ వ్యాయామం, రోజుకి ఎన్నిసార్లు అన్నది రాయాలి. మన మామ్మగార్లు చదువుకునేలా తెలుగులో కూడా రాసివ్వాలని అడుగుతున్నాం.