గింజకు పన్నెండు లక్షలు: మారియాంజెలా హుంగ్రియా నలభై ఏళ్ల పని

బ్రెజిల్‌కు చెందిన నేల సూక్ష్మజీవ శాస్త్రవేత్త మారియాంజెలా హుంగ్రియాకు 2025 ప్రపంచ ఆహార బహుమతి ప్రకటించినప్పుడు వార్తల్లో ఎక్కువగా తిరిగిన అంకె 2,500 కోట్ల డాలర్లు. ఆమె పరిశోధన వల్ల బ్రెజిల్ రైతులు నత్రజని ఎరువు మీద ఏడాదికి అంతదాకా మిగుల్చుకుంటున్నారని బహుమతి ప్రకటన చెప్పింది. సోయా వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది; ఆ బ్యాక్టీరియాను విత్తనానికి పట్టించడం మీదే ఆమె పని. ఇంత పెద్ద అంకె కనిపిస్తే ముందు అది ఎలా వచ్చిందో చూసుకోవాలి.

టన్ను సోయా గింజ తయారవడానికి మొక్కకు సుమారు 80 కిలోల నత్రజని కావాలి. బ్రెజిల్ ఏటా పండించేది 15 కోట్ల టన్నుల పైమాటే. అంటే 1.2 కోట్ల టన్నుల నత్రజని. ఇదంతా యూరియాగా వెయ్యాలంటే, యూరియాలో నత్రజని ఉండేది 46 శాతం. చల్లినదాంట్లో సగం గాలిలోనో నీళ్లలోనో పోతుందనుకుంటే 5.2 కోట్ల టన్నుల యూరియా కావాలి. టన్ను 480 డాలర్ల చొప్పున వేసుకుంటే లెక్క 2,500 కోట్ల దగ్గర తేలుతుంది. భారతదేశం అన్ని పంటలకూ కలిపి ఏడాదికి వాడే యూరియా కన్నా ఇది చాలా ఎక్కువ.

లెక్క కుదిరింది. కానీ అంత యూరియా కొనాల్సి వస్తే బ్రెజిల్‌లో సోయా ఈ విస్తీర్ణంలో ఉండేదే కాదు. కాబట్టి వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా రైతు జేబులో డబ్బు మిగిల్చిందనడం సగం నిజమే. అసలు ఆ పంటనే అక్కడ సాధ్యం చేసింది. బ్రెజిల్ మధ్యభాగంలోని సెరాడో గడ్డిభూములు లక్షల హెక్టార్లలో సోయా చేలుగా మారడం వెనుక కూడా ఇదే ఉంది. బహుమతి సభల్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

హుంగ్రియా కొత్త సూక్ష్మజీవిని కనిపెట్టి ఇక్కడికి రాలేదు. సావో పావ్లో విశ్వవిద్యాలయపు వ్యవసాయ కళాశాలలో చదివి, 1982లో ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాలో చేరారు. చేరింది రియో దగ్గరి సెరోపెడికా కేంద్రంలో. అక్కడ జొహానా డోబెరైనర్ అప్పటికి మూడు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. చెకోస్లొవేకియాలో పుట్టి, యుద్ధం తర్వాత బ్రెజిల్ చేరిన ఈమె గడ్డిజాతి మొక్కల వేళ్ల దగ్గర నత్రజనిని స్థిరీకరించే అజోస్పిరిల్లం అనే బ్యాక్టీరియా మీద పునాది పని చేశారు. అంతకన్నా దూరదృష్టి ఉన్న పని 1960లలో జరిగింది. సోయా వంగడాల ఎంపిక మొదలవుతున్న రోజుల్లో డోబెరైనర్, దక్షిణాన రియో గ్రాండి డో సుల్‌లో జార్డిమ్ ఫ్రెయిరె వంటివారు ఒక పట్టు పట్టారు: ప్రయోగ మళ్లకు నత్రజని ఎరువు వెయ్యొద్దు, బ్యాక్టీరియాతో జోడీ కుదిరిన వంగడాలనే ముందుకు తీసుకెళ్లండి అని. ఎరువు వేసిన మళ్లలో ఎంపిక చేస్తే బుడిపెలు సరిగా కట్టని మొక్క కూడా పచ్చగా నిలిచి నెగ్గేస్తుంది. ఆ తర్వాత దాన్ని రైతు చేతికిచ్చి జీవన ఎరువు వాడమంటే ఏం లాభం? హుంగ్రియా వృత్తిజీవితం మొత్తం ఆ నిర్ణయం మీద నిలబడింది. 1991లో ఆమె లొండ్రినాలోని ఎంబ్రాపా సోయా కేంద్రానికి మారి, ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

సోయా బ్రెజిల్ పంట కాదు. దాని బుడిపెల్లో చేరే బ్రాడీరైజోబియం కూడా అక్కడి నేలల్లో లేదు; బయటి నుంచి తెచ్చినదే. తెచ్చిన కణాలు కొన్నేళ్లు సెరాడో ఎర్రనేలల ఆమ్లతనాన్నీ ఎండనూ తట్టుకుని మారాయి. అలా మారినవాటిని మళ్లీ నేల నుంచి వేరుచేసి పరీక్షించారు. సెమియా 5079 అనే స్ట్రెయిన్ (ఒకే జాతిలోని ఒక రకం) అలా దొరికిందే. దాని జోడీ సెమియా 5080 ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక స్ట్రెయిన్‌కు ప్రయోగశాలలో ఎంపిక చేసిన రూపాంతరం. మొదటిది నేలలో పోటీని నెగ్గి బుడిపెల్లో చోటు సంపాదించడంలో గట్టిది, రెండోది చోటు దొరికాక నత్రజని ఎక్కువ ఇస్తుంది. రెండింటినీ కలిపి అమ్మడం అక్కడ మామూలు. వీటిని వేరుచేసింది ఎంబ్రాపా సెరాడో కేంద్రం వాళ్లు, హుంగ్రియా కాదు. ఆమె బృందం చేసింది వాటిని ఏటికేడు వేర్వేరు ప్రాంతాల్లో, వేర్వేరు వంగడాల మీద పరీక్షించడం, వాటి జన్యువుల్లో తేడాలు చదవడం, కంపెనీలు తయారుచేసే సరుకుకు ప్రమాణం నిలబెట్టడం.

ఆ ప్రమాణం దగ్గరే అసలు సంగతి ఉంది. బ్రెజిల్ చట్టం ప్రకారం సోయా విత్తనానికి పట్టించే బ్యాక్టీరియా సరుకు, అంటే ఇనాక్యులెంట్‌లో గ్రాముకో మిల్లీలీటరుకో కనీసం 100 కోట్ల బతికున్న కణాలు ఉండాలి, అదీ గడువు ముగిసే రోజు దాకా. విత్తే గింజ ఒక్కోదానికి కనీసం 12 లక్షల కణాలు అందాలి. సరుకు ఎంత వాడాలన్నది ఈ అంకె నుంచి వెనక్కి లెక్కగడతారు. ప్యాకెట్ బరువుతో పని లేదు.

ఇదే లెక్క మన దగ్గర వేసి చూద్దాం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో జీవన ఎరువులను 2006లో చేర్చారు. రైజోబియం (బుడిపెల బ్యాక్టీరియాకు ఇక్కడ వాడే పేరు) పొడికి నిర్ణయించిన కనీస సంఖ్య గ్రాముకు 5 కోట్లు. 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల ప్యాకెట్ అనేది తరచూ వినిపించే సిఫారసు. ఆదిలాబాద్, నిర్మల్ వైపు వేసే సోయా గింజలు కిలోకు సుమారు 8,500 తూగుతాయనుకుంటే 10 కిలోల్లో 85 వేల గింజలు. ప్యాకెట్‌లో 1,000 కోట్ల కణాలు. గింజకు పడేది దాదాపు 1 లక్షా 18 వేలు. అంటే ప్యాకెట్ నూటికి నూరుపాళ్లు ప్రమాణం ప్రకారం ఉండి, పొడి అంతా గింజకు అంటుకుని, ఒక్క కణమూ చావకపోయినా మన రైతుకు అందేది బ్రెజిల్ రైతుకు అందేదాంట్లో పదో వంతు. వాడినా తేడా కనిపించలేదని రైతు అంటే, దాన్ని అవగాహన లోపం అని కొట్టెయ్యడానికి వీల్లేదు.

పైగా కణాలు చావకుండా ఉండవు. మే నెలాఖరులో దుకాణం రేకుల కింద ఉన్న ప్యాకెట్‌లో ఏం మిగులుతుందో ఊహించుకోవచ్చు. కణాలను కలిపే లిగ్నైట్ లేదా బొగ్గు పొడిని శుభ్రంగా క్రిమిరహితం చెయ్యకుండా వాడితే ఇతర బ్యాక్టీరియా వేగంగా పెరిగి రైజోబియాన్ని తొక్కేస్తుంది. పరీక్షలోనూ ఇదే చిక్కు. కాంగో రెడ్ అనే రంగు కలిపిన ఈస్ట్ మానిటాల్ అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీద బ్రాడీరైజోబియం కాలనీలు కనిపించడానికి వారం పడుతుంది, కల్తీ కాలనీలు రెండో రోజుకే పళ్లెం నింపేస్తాయి. రంగు తక్కువగా పీల్చుకుని పాలిపోయినట్టుండే కాలనీలను మాత్రమే లెక్కపెట్టాలి. అంత ఓపిక లేని పరీక్షలో మంచి సరుకూ చెడ్డ సరుకూ ఒకేలా పాసవుతాయి.

ఇక విత్తనశుద్ధి. థైరమ్, కార్బెండజిమ్ వంటి శిలీంద్రనాశకాలు పట్టించిన గింజ మీద రైజోబియం గంటల్లోనే తగ్గిపోతుంది. అందుకే ముందు శిలీంద్రనాశకం, తర్వాత పురుగుమందు, అవి ఆరాక చివర్లో రైజోబియం అన్న వరస. జిగురుగా వాడే బెల్లం పాకం మరిగించి పూర్తిగా చల్లారాకే పొడి కలపాలి. సోయా గింజ పొట్టు పలచన, తడి ఎక్కువైతే ఊడిపోతుంది. బ్రెజిల్‌లో 50 కిలోల విత్తనానికి అన్ని ద్రవాలూ కలిపి 300 మిల్లీలీటర్లు మించొద్దని చెబుతూ వచ్చారు. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి. శుద్ధి చేసిన విత్తనం సంచి కొనే రైతు కోసం అక్కడ ఇంకో దారి తీశారు: ద్రవరూప ఇనాక్యులెంట్‌ను గింజకు కాకుండా విత్తే చాలులోకే వదలడం. దానికి విత్తనానికి చెప్పిన మోతాదుకు కనీసం రెండున్నర రెట్లు కావాలి.

హుంగ్రియా ఎదురీదింది ఒక పాఠ్యపుస్తక సూత్రానికి. నేలలో ఆ బ్యాక్టీరియా ముందే ఉంటే మళ్లీ వేసినా లాభం ఉండదన్నది చాలా దేశాల్లో స్థిరపడిన అభిప్రాయం. గ్రాము మట్టిలో కొన్ని పదుల కణాలు ఉన్నా చాలని అంటారు. బ్రెజిల్ పాత సోయా నేలల్లో అంతకన్నా ఎన్నో రెట్లు ఉంటాయి. అయినా ఏటా వేస్తే సగటున 8 శాతం దిగుబడి పెరిగిందని ఆమె బృందం చూపింది. కారణం అర్థం కానిదేం కాదు. నేలలో పాతుకుపోయిన కణాలు బతకడంలో నేర్పరులు, నత్రజని ఇవ్వడంలో కావు. మొలక వచ్చేటప్పటికి తల్లివేరు పక్కనే లక్షల సంఖ్యలో మంచి కణాలుంటే తొలి బుడిపెలు వాటివే అవుతాయి. ఈ ఒక్క ఫలితం వల్లే అక్కడ ఏటా కోట్ల డోసుల మార్కెట్ ఏర్పడింది. కంపెనీలకు లాభం తెచ్చిన సిఫారసు గనుక అనుమానంగా చూసేవాళ్లూ ఉంటారు, చూడాలి కూడా. కానీ డోసు ధర సోయా ఖర్చులో ఎంత చిన్నదంటే, 8 శాతంలో నాలుగో వంతు వచ్చినా రైతు నష్టపోడు.

అజోస్పిరిల్లం కథ ఇంత సాఫీగా లేదు. ఏబీ-వీ5, ఏబీ-వీ6 అనే రెండు స్ట్రెయిన్లు 2009లో మొక్కజొన్న, గోధుమలకు మార్కెట్‌లోకి వచ్చాయి. తొలి ప్రయోగాల్లో మొక్కజొన్న దిగుబడి పాతిక శాతానికి పైగా పెరిగింది. తర్వాత దేశమంతటి నుంచి పోగైన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే సగటు 5 శాతం దరిదాపుల్లో ఆగింది. సోయాలో బ్రాడీరైజోబియంతో కలిపి వేసినప్పుడూ అంతే: మొదట్లో ఏ ఇనాక్యులెంటూ వెయ్యని మడితో పోలిస్తే 16 శాతం; బ్రాడీరైజోబియం ఒక్కటే వేసిన మడితో పోల్చి, అనేక ప్రయోగాలు కలిపితే అదనపు లాభం 3 శాతం పరిసరాల్లో. ఈ తగ్గిన అంకెలను వెలువరించిన వాళ్లలో ఆమె సహపరిశోధకులే ఉన్నారు. నా దృష్టిలో బహుమతి కన్నా ఇదే ఎక్కువ గౌరవం. అజోస్పిరిల్లం చేసే మేలులో ఎక్కువ భాగం నత్రజని వల్ల కాదు. అది విడుదల చేసే ఆక్సిన్ల వంటి హార్మోన్ల వల్ల వేళ్లు బలిసి నీటినీ ఎరువునూ మెరుగ్గా అందుకోవడం వల్ల. దాంతో మొక్కజొన్న పైపాటు నత్రజనిలో పాతిక శాతం దాకా తగ్గించవచ్చని వాళ్లు చెబుతున్నారు. సోయాలా మొత్తం మానెయ్యడం కుదరదు.

మైక్రోబయోమ్ (ఒకచోట ఉండే సూక్ష్మజీవుల సముదాయం) అన్న మాట ఇప్పుడు ప్రతి స్టార్టప్ కరపత్రంలోనూ కనిపిస్తోంది. మట్టి నుంచి డీఎన్‌ఏ తీసి, బ్యాక్టీరియా గుర్తుపట్టే 16ఎస్ జన్యువును చదివితే వేల పేర్ల జాబితా వస్తుంది. అందులో ఎప్పుడో చచ్చిన కణాల డీఎన్‌ఏ కూడా కలిసే ఉంటుంది. ఏ పేరు ఏ పని చేస్తోందో ఆ జాబితా చెప్పదు. హుంగ్రియా బృందం దీనికి ఎదురు దారిలో నడిచింది. బీన్స్ పంటకు వాడే పీఆర్‌ఎఫ్ 81 అనే స్ట్రెయిన్ ముందు పొలంలో నెగ్గింది, ప్యాకెట్లలోకి చేరింది. అది కొత్త జాతి అని తేలి, పైన చెప్పిన జార్డిమ్ ఫ్రెయిరె పేరు మీద రైజోబియం ఫ్రెయిరై అయ్యింది ఆ తర్వాత 2013లో. నేల బతుకు కొలవడానికి ఎంబ్రాపాలో ఐయేడా మెండెస్ బృందం తెచ్చిన పద్ధతి కూడా ఇలాంటిదే. పేర్లు వెతక్కుండా ఆరైల్‌సల్ఫటేజ్, బీటా-గ్లూకోసిడేజ్ అనే రెండు ఎంజైముల చురుకుదనం కొలుస్తారు. మట్టిని ఒక గంట 37 డిగ్రీల దగ్గర ఉంచి, వచ్చే పసుపురంగు గాఢతను చదివితే సరిపోతుంది.

శాస్త్రం మన దగ్గర లేక వెనకబడ్డామనుకుంటే పొరపాటు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1980లలో వేరుశనగ మీద జరిగిన పనిలో, స్థానిక రైజోబియం దండిగా ఉన్న నేలల్లో కూడా ఎన్‌సీ 92 అనే స్ట్రెయిన్ రాబట్ 33-1 వంగడానికి దిగుబడి పెంచింది. అనంతపురం రైతుకు కదిరి-3గా తెలిసిన వంగడమే అది. మళ్లీ వేస్తే లాభం ఉంటుందన్న సంగతి ఇక్కడ ముందే చూశారు. దాని చుట్టూ స్ట్రెయిన్ బ్యాంకు, అన్ని ప్రయోగశాలలూ ఒప్పుకున్న లెక్కింపు పద్ధతి, ఏటేటా పొలం పరీక్షలు దశాబ్దాల తరబడి ఒకే పట్టుతో సాగలేదు. బ్రెజిల్‌లో ఇనాక్యులెంట్ల కోసమే రెలారే అనే ప్రయోగశాలల కూటమి ఉంది. శాస్త్రవేత్తలు, కంపెనీలు, ప్రభుత్వం అక్కడ ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి.

రెండో తేడా యూరియా ధర. మన 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. కిలో నత్రజని సుమారు 13 రూపాయలు. బ్రెజిల్ రైతు అంతర్జాతీయ ధర కడతాడు, దేశం వాడే ఎరువుల్లో అత్యధిక భాగం దిగుమతే. బస్తా అంత చవగ్గా ఉన్నచోట, చల్లిన వారానికే ఆకు ముదురు పచ్చగా మారే చోట, ఆరు వారాలకు గానీ ఫలితం చూపని ప్యాకెట్ మీద ఎవరికి ఆసక్తి ఉంటుంది? ఆ యూరియాయే బుడిపెలను కట్టనివ్వదు కూడా. ఎంబ్రాపా సిఫారసులో భాస్వరం ఎరువుతో కలిసి వచ్చే నత్రజని సైతం హెక్టారుకు 20 కిలోలు దాటకూడదు. ఎకరాకు ఒక డీఏపీ బస్తాతోనే మనం హెక్టారు లెక్కన 22 కిలోలకు చేరతాం. ఆ పైన చల్లే యూరియా అంతా రైజోబియానికి ఎదురు ఖర్చే.

సబ్సిడీ మీద చేయి వెయ్యడం ఏ ప్రభుత్వానికీ ఇప్పట్లో అయ్యే పని కాదు. ప్యాకెట్ మీద చేయి వెయ్యడానికి మాత్రం అడ్డేమీ లేదు. సోయాకు సంబంధించినంతవరకు గ్రాముకు 5 కోట్ల పరిమితిని 100 కోట్లకు పెంచాలి. నమూనాలు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాకుండా జూన్ మొదటి వారంలో దుకాణాల నుంచి తియ్యాలి. సంచి మీద మోతాదును గ్రాముల్లోనే కాక గింజకు ఎన్ని కణాలో కూడా అచ్చువెయ్యాలి. పూత దశలో వ్యవసాయ విస్తరణాధికారి చేనుకు పది మొక్కలు తవ్వి, వేళ్లు కడిగి చూడాలి. మొక్కకు 15 నుంచి 30 బుడిపెలు ఉన్నాయా, బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు ఉందా అన్నవి రెండే ప్రశ్నలు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే బుడిపె ఉన్నా నత్రజని లేదు. ఆ ప్యాకెట్ బ్యాచ్ నంబరు రాసుకోవాల్సింది అప్పుడే.