సాతాను పేరు చెప్పి పొరుగువాడి మీద పడితే

మైక్ వార్న్కీ అనే అమెరికన్ క్రైస్తవ వక్త ఇరవై ఏళ్ల పాటు ఒకే సాక్ష్యం మీద, అంటే తానెలా మారాడో సభల్లో చెప్పుకునే కథ మీద బతికాడు. ప్రభువును నమ్ముకోక ముందు తాను సాతాను పూజారినని, మూడు పట్టణాల్లో 1,500 మంది తన మాట వినేవాళ్లని, నడుము దాకా జుట్టు, ఆరంగుళాల గోళ్లు పెంచుకుని మత్తుమందుల్లో మునిగి తిరిగానని చెప్పేవాడు. 1970ల మొదట్లో ఆ కథ పుస్తకంగా వచ్చి విపరీతంగా అమ్ముడైంది. మనిషి మంచి హాస్యగాడు కూడా. సభను కాసేపు నవ్వించి, కాసేపు వణికించి, చివర్లో ఏడిపించేవాడు. ఆ తర్వాత కానుకలు పట్టేవాళ్లు. సాతాను ఆరాధన గురించి టీవీ వాళ్లకు ఏదైనా కావాలన్నా ఆయన్నే పిలిచేవాళ్లు.

1992లో ఆ కథ కూలింది. కూల్చింది ఏ హేతువాద సంఘమో అనుకుంటారు చాలామంది. నిజానికి షికాగోలో ఒక క్రైస్తవ సమాజం నడిపే 'కార్నర్‌స్టోన్' పత్రిక ఆ పని చేసింది. జాన్ ట్రాట్, మైక్ హెర్టెన్‌స్టీన్ అనే ఇద్దరు విశ్వాసులు వార్న్కీతో కాలేజీలో చదివినవాళ్లను, ఆయనతో కాపురం చేసినవాళ్లను, అప్పటి స్నేహితులను వెతికి పట్టుకుని మాట్లాడారు. పుస్తకంలోని తేదీలను ఆయన బతుకులోని తేదీల పక్కన పెట్టి చూశారు. పూజారిగా వెలిగానన్న 1965-66 కాలంలో ఆయన ఒక మామూలు కాలేజీ కుర్రాడు. అప్పటి ఫొటోలో ఉన్నది పొట్టి క్రాపు. అంత ముఠాను కట్టి, నడిపి, అందులోంచి బయటపడటానికి సరిపడే నెలలే క్యాలెండర్‌లో లేవు.

ఇందులో పెద్ద పరిశోధనేమీ లేదు. నాలుగు ఫోన్లు చేసి, రెండు ఊళ్లు తిరిగితే తేలిపోయే సంగతి. మరి ఇరవై ఏళ్ల పాటు ఎవరూ ఎందుకు అడగలేదు? సాక్ష్యాన్ని ప్రశ్నిస్తే దేవుని కార్యాన్నే ప్రశ్నించినట్టు అన్న అలవాటు ఒక కారణం. సాతాను గురించి ఎంత భయంకరంగా చెబితే అంత ఆత్మీయంగా చెప్పినట్టు లెక్కగట్టడం రెండోది. మూడోది అందరికీ తెలిసిందే, ఆ కథకు జనం వచ్చేవాళ్లు, డబ్బు వచ్చేది.

వార్న్కీ ఒక్కడి సంగతే అయితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఆ ఇరవై ఏళ్లలో అమెరికా మొత్తం ఆ భయంలోకి జారింది. 1980లో కెనడాలో ఒక మానసిక వైద్యుడు, ఆయన పేషెంట్ కలిసి ఒక పుస్తకం రాశారు. చిన్నప్పుడు తనను సాతాను ముఠా హింసించిందని, అన్నీ ఇప్పుడు చికిత్సలో గుర్తుకొస్తున్నాయని ఆమె చెప్పింది. 1983లో కాలిఫోర్నియాలోని మాన్‌హట్టన్ బీచ్‌లో ఒక పసిపిల్లల బడి మీద ఆరోపణలు మొదలయ్యాయి. పిల్లలను కూర్చోబెట్టి, కావలసిన జవాబు వచ్చే దాకా అడిగిందే అడిగారు. దాంతో నేల కింద సొరంగాలు, గాల్లో ఎగిరే మంత్రగత్తెలు కూడా వాంగ్మూలాల్లోకి ఎక్కాయి. కేసు ఏడేళ్లు నడిచింది, దాదాపు కోటిన్నర డాలర్లు ఖర్చయింది. 1990లో ముగిసేసరికి ఒక్కరి మీద కూడా నేరం రుజువు కాలేదు. ఆ సొరంగాలు ఏ కోర్టుకూ దొరకలేదు.

టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఇంటి దగ్గర పిల్లలను చూసుకునే భార్యాభర్తల కథ ఇంకా దారుణం. 1992లో వాళ్లకు 48 ఏళ్ల జైలు శిక్ష పడింది. స్మశానంలో తంతులు చేశారని, పిల్లలను విమానంలో మెక్సికో తీసుకెళ్లి సాయంత్రానికల్లా వెనక్కి తెచ్చారని ఆరోపణలు. తాను చూసింది గాయం కాదని, అప్పుడు పొరబడ్డానని కేసులో కీలకమైన డాక్టరే తర్వాత ఒప్పుకున్నాడు. అప్పటికి వాళ్లు 21 ఏళ్లు జైల్లో గడిపారు. నిర్దోషులని అధికారికంగా ప్రకటించింది 2017లో.

ఇదంతా పిచ్చి భక్తుల పని అని తీసిపారేస్తే సగం నిజమే చెప్పినట్టు. ఆ పిల్లలను ప్రశ్నించినవాళ్లు చదువుకున్న థెరపిస్టులు, సామాజిక కార్యకర్తలు. కేసులు పెట్టినవాళ్లు ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు. పోలీసులకు 'సాతాను నేరాల' మీద సెమినార్లు నడిచాయి. 1988 అక్టోబరులో ఒక జాతీయ టీవీ చానెల్ సాతాను ఆరాధన మీద రెండు గంటల కార్యక్రమం వేస్తే దేశం టీవీల ముందు కూర్చుంది. దయ్యాన్ని నమ్మని వాళ్లు కూడా దయ్యం ముఠాను నమ్మారు. దేవుణ్ణి పక్కన పెట్టినంత మాత్రాన మనిషికి భయం కథల మీద మోజు పోదు. ఆ కథ చెప్పేవాడు బోధకుడి కోటు తీసి నిపుణుడి కోటు వేసుకుంటాడు, అంతే తేడా.

ఎఫ్‌బీఐలో పిల్లల మీద నేరాలను ఏళ్ల తరబడి పరిశీలించిన కెన్నెత్ లానింగ్ మొదట్లో ఈ ఆరోపణలను నమ్మడానికే మొగ్గు చూపాడు. 1992లో ఆయన రాసిన నివేదిక మాత్రం, దేశమంతా వ్యాపించి మనుషులను బలి ఇస్తున్న సాతాను ముఠా ఉందనడానికి ఆధారం దొరకలేదని తేల్చింది. అన్ని వేల హత్యలు జరిగితే శవాలేవి? ఒక్క సభ్యుడైనా తప్పతాగి నోరు జారడా? అంతమంది మనుషులు అంత పెద్ద రహస్యాన్ని దశాబ్దాల పాటు దాచగలరని నమ్మడానికి దయ్యం మీద కంటే మనుషుల క్రమశిక్షణ మీద ఎక్కువ నమ్మకం ఉండాలి!

నేను దురాత్మలున్నాయని నమ్మే క్రైస్తవుణ్ణి. సువార్తల్లో యేసు దయ్యాలను వెళ్లగొట్టిన ఘట్టాలను అప్పటి జనాల అజ్ఞానం అని కొట్టిపారేసేవాళ్లతో నాకు ఏకీభావం లేదు. అయినా, అందువల్లే, వార్న్కీ లాంటివాళ్ల మీద నాకు హేతువాది కంటే ఎక్కువ కోపం. హేతువాది దృష్టిలో అది మూఢనమ్మకం మాత్రమే. నా దృష్టిలో అది పది ఆజ్ఞల్లో ఒకదాన్ని బాహాటంగా మీరడం. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు." మన లెక్కలో తొమ్మిదో ఆజ్ఞ, కతోలికుల లెక్కలో ఎనిమిదోది. సాతాను మీద ఎన్ని అబద్ధాలు చెప్పినా సాతానుకు పోయేదేమీ లేదు. ఆ అబద్ధానికి ఎప్పుడూ ఒక మనిషి ముఖం కావాలి. బడి నడిపే టీచరమ్మో, నల్ల టీషర్టు వేసుకునే కుర్రాడో, ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామో దొరుకుతారు. ఒక్కోసారి మనిషి బదులు కంపెనీ దొరుకుతుంది. 1980ల్లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ గుర్తులోని చంద్రుడు, 13 నక్షత్రాలు సాతాను చిహ్నమని అమెరికా చర్చిల్లో కరపత్రాలు పంచారు. ఆ నక్షత్రాలు అమెరికాలోని తొలి 13 కాలనీలకు గుర్తు. చెప్పీ చెప్పీ విసిగి, 1985లో కంపెనీ ఆ గుర్తును తన సరుకుల మీద నుంచి తీసేసింది.

సువార్తలను ఈ కోణంలో చదివితే నాకు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దయ్యం పట్టినవాళ్లు అన్ని చోట్ల ఎదురైనా, "దీన్ని పంపిందెవరు, చేతబడి చేసిందెవరు" అని యేసు ఒక్కసారి కూడా అడగలేదు. మార్కు తొమ్మిదో అధ్యాయంలో మంటల్లో, నీళ్లలో పడిపోయే కొడుకును తెచ్చిన తండ్రిని ఆయన అడిగింది, ఇది ఎంతకాలం నుంచి ఇలా ఉంది అని. డాక్టరు అడిగే ప్రశ్న అది. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఎవరు పాపం చేస్తే వీడిలా పుట్టాడని అడిగితే, ఆ లెక్కనే ఆయన తోసిపుచ్చాడు. పైగా దయ్యాల అధిపతి సాయంతో దయ్యాలను వెళ్లగొడుతున్నాడన్న నింద ఆయన మీదే పడింది. మంత్రగాడన్న నింద ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు.

పాత నిబంధన ఇంకా కఠినం. ద్వితీయోపదేశకాండం 19లో, ఒక్కడి మాట మీద ఎవరినీ దోషిగా తేల్చవద్దని, ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని, న్యాయాధిపతులు బాగా విచారించాలని ఉంది. సాక్షి అబద్ధమాడినట్టు తేలితే, ఎదుటివాడికి పట్టించాలనుకున్న శిక్షే వాడికి పడుతుంది. ఈ నియమాన్ని మన స్వస్థత కూటాల్లో స్టేజీ ఎక్కి చెప్పే ప్రతి కథకూ వర్తింపజేస్తే ఎంతమంది మైకు పట్టుకుంటారో చూడాలని ఉంది.

మధ్యయుగాల మొదట్లో సంఘానికి ఈ వివేకం ఉండేది. 8వ శతాబ్దం చివర్లో ఐరోపాలో చార్లెమేన్ చక్రవర్తి సాక్సన్లనే జర్మన్ తెగ కోసం చేసిన చట్టం చూడండి. అపవాది మాయలో పడి ఒక మనిషిని మనుషులను తినే మంత్రగత్తెగా నమ్మి తగలబెట్టినవాడికి మరణశిక్ష అంది. అంటే నేరస్థుడు మంత్రగత్తె కాదు, ఆమెను తగలబెట్టినవాడు. 906 ప్రాంతంలో బిషప్పుల కోసం రాసిన ఒక నియమావళి, రాత్రిళ్లు జంతువుల మీద ఎక్కి ఎగురుతున్నామనుకునే ఆడవాళ్లు భ్రమలో ఉన్నారని, ఆ భ్రమను నిజమని నమ్మడమే విశ్వాసం తప్పడమని చెప్పింది. తర్వాత సంఘం ఆ వివేకాన్ని పోగొట్టుకుంది. 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా ఐరోపాలో మంత్రగత్తెలన్న పేరుతో 40 వేల నుంచి 60 వేల మందిని చంపారని చరిత్రకారుల అంచనా. కతోలికులూ చంపారు, ప్రొటెస్టెంట్లూ చంపారు. దాన్ని ఆపడానికి గొంతెత్తిన వాళ్లలోనూ గురువులు ఉన్నారు. చావబోయేవాళ్ల ఒప్పుకోళ్లు విన్న ఫ్రీడ్రిష్ స్పే అనే జెసూట్ సభ కతోలిక గురువు, చిత్రహింస పెడితే ఎవరైనా మంత్రగత్తెనని ఒప్పుకుంటారని 1631లో పేరు లేకుండా పుస్తకం అచ్చేశాడు.

ఇక మన దగ్గరకు వద్దాం. 'ఓ స్త్రీ రేపు రా' అని తలుపుల మీద రాసుకున్న 1990ల నాటి భయం ఇప్పుడు జోకు అయింది. ఆ దయ్యానికి ముఖం లేదు కాబట్టి బతికిపోయాం. బాణామతికి ముఖం ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానం మీద మనుషులను చెట్టుకు కట్టేసి కొట్టారు, మంత్రం నోట పలకకూడదని పళ్లు ఊడగొట్టారు, చంపేశారు కూడా. విశ్వాసులు అలాంటి గుంపులో ఉండరని మనం అనుకుంటాం. కానీ ఇంట్లో ఒకరికి జబ్బు చేసి ప్రార్థన కోసం వెళ్తే, "మీ బంధువుల్లోనే ఒకరు చేయించారు, ఫలానా దిక్కున ఉన్నారు" అని చెప్పే దైవజనుడు ఆ గుంపు పనే చేస్తున్నాడు, కాకపోతే చేతికి మట్టి అంటకుండా. ఆ రాత్రి నుంచి తోడికోడళ్ల మధ్య మాటలుండవు. జబ్బు మనిషికి ఇవ్వాల్సిన మందు నెలలు ఆలస్యమవుతుంది. ఫిట్స్‌కూ, మతి చలించిన మనిషికీ వైద్యం ఉందని మన మిషన్ ఆస్పత్రులకు ఎప్పటినుంచో తెలుసు. చిత్తూరు జిల్లా వాళ్లు తరతరాలుగా రాయవేలూరు వెళ్తున్నది ప్రార్థించే డాక్టర్ల దగ్గరికే.

ఇప్పుడు ఈ సరుకంతా ఫోన్లోకి వచ్చింది. ఎర్ర కళ్ల బొమ్మతో థంబ్‌నెయిల్, కింద 'ఇల్యుమినాటి రహస్యం', దాని కింద కానుకల కోసం క్యూఆర్ కోడ్. అపొస్తలుల కార్యములు 16లో, ఫిలిప్పీలో సోదె చెప్పే పనిపిల్లను పౌలు విడిపిస్తే, ఆమె యజమానులకు కోపం వచ్చింది ఆదాయం పోయినందుకు. లూకా ఆ సంగతి దాచకుండా రాశాడు. ఆధార్ వచ్చినప్పుడు ప్రకటన గ్రంథంలోని మృగం ముద్ర 666 అదే అన్నారు, కోవిడ్ టీకా వచ్చినప్పుడు అందులో చిప్ ఉందన్నారు. జనం కుట్ర అన్న ప్రతిదాన్నీ కుట్ర అనుకోవద్దని, వాళ్లు భయపడేవాటికి భయపడవద్దని యెషయా ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ప్రవచనం గురించి గంటలు గంటలు మాట్లాడే చానెళ్లలో ఈ వచనం నాకు ఎప్పుడూ వినపడలేదు. "ప్రతి ఆత్మను నమ్మక" పరీక్షించమన్న యోహాను మాట మాత్రం వినిపిస్తుంది, ఎదుటి సంఘం బోధకుడి మీద ప్రయోగించడానికి.

ఇలాంటివాటిలో తప్పు బయటపడ్డాక ఏం చేయాలన్నదానికి ఒక పాత ఉదాహరణ ఉంది. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలన్న నేరం మీద 20 మందిని చంపారు. 19 మందిని ఉరి తీశారు, ఒక ముసలాయనను రాళ్ల కింద నలిపారు. ఫలానావాళ్ల రూపం రాత్రి వచ్చి నన్ను పీడించింది అన్న మాటే సాక్ష్యంగా చెల్లింది. ఒక నిర్దోషికి శిక్ష పడటం కంటే పదిమంది అనుమానితులు తప్పించుకోవడం మేలని ఇంక్రీజ్ మాథర్ అనే పాస్టర్ ఆ ఏడాదే రాశాడు, కాస్త ఆలస్యంగా. తీర్పు చెప్పిన న్యాయమూర్తుల్లో శామ్యూల్ సీవాల్ ఒకడు. 1697 జనవరిలో ఉపవాస దినాన బోస్టన్‌లోని తన చర్చిలో ఆయన లేచి నిలబడ్డాడు. ఆ నింద, అవమానం తనదేనని ఒప్పుకుంటూ రాసిన కాగితాన్ని పాస్టర్ సంఘం ముందు చదివాడు. చదువుతున్నంతసేపూ ఆయన నిలబడే ఉన్నాడు.

టీకాలో చిప్ ఉందన్న వీడియోను సంఘం వాట్సాప్ గ్రూపుల్లో పంచినవాళ్లు తర్వాత దాన్ని చప్పుడు చేయకుండా డిలీట్ చేశారు. ఆ వీడియో అబద్ధమని ఆదివారం ఆరాధనలో, అది చూసిన జనం ముందే చెప్పిన పాస్టర్ ఒక్కరు కూడా నా కంట పడలేదు. ఎవరి వీడియో చూసి ఎవరు టీకా మానుకున్నారో, ఎవరి మాట పట్టుకుని ఎవరు తమ వదినను గడప తొక్కనివ్వలేదో సంఘంలో అందరికీ తెలుసు. ఆ ఇళ్లకు వెళ్లి చెప్పాల్సిన మాట ఇంకా మిగిలే ఉంది.