గోడ గడియారం గారికి, అటక మీదికి

మహారాజశ్రీ గోడ గడియారం గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మా నాన్న నేర్పారు కాబట్టి రాశాను. అక్కడంటే ఎక్కడో కాదు, అటక మీద. పాత తువ్వాలులో చుట్టి, ఖాళీ ఆవకాయ జాడీకీ దీపావళి సీరియల్ లైట్ల పెట్టెకీ మధ్య మిమ్మల్ని పడుకోబెట్టి ఎనిమిది నెలలైంది. ఈ ఇంట్లో చెప్పగానే పడుకున్నది మీరొక్కరే.

మీ పూర్వోత్తరాలు మీకే ఒకసారి గుర్తుచేస్తాను. మా గృహప్రవేశానికి మొత్తం ఏడు గోడ గడియారాలు వచ్చాయి. (తిరుపతిలో ఇల్లు కట్టుకున్నవాళ్ళకి గడియారాలూ వేంకటేశ్వరస్వామి పటాలూ తప్ప ఇంకేం ఇవ్వకూడదని ఎక్కడో జీవో ఉండాలి.) మీలో పద్మావతీ శ్రీనివాసుల బొమ్మ, కింద మెరుపు అక్షరాల్లో ఇచ్చినవారి కుటుంబం పేరు. ఏడింటిలోనూ చప్పుడు మీదే ఎక్కువ కాబట్టి హాల్లో నడిగోడ మీకే దక్కింది. మన ఇళ్ళల్లో పెద్దరికం వచ్చేది కూడా అలాగే కదా.

మేకు కొట్టిన రోజే మా అత్తయ్య మిమ్మల్ని పది నిమిషాలు ముందుకు తిప్పారు. 'బస్సు తప్పిపోకుండా ఉంటుందిలే అమ్మా' అన్నారు. అప్పట్నుంచీ మీరు ఎనిమిదీ పది అంటే మేం ఎనిమిది అనుకుని నిదానంగానే బయల్దేరేవాళ్ళం, బస్సు తప్పిపోతూనే ఉండేది. మీరు చెప్పేది అబద్ధమని మాకు తెలుసు, మాకు తెలుసని మీకూ తెలుసు. ఇంట్లో ఒక్కడే దీన్ని అర్థం చేసుకోలేకపోయాడు.

వాడు మా అబ్బాయి. పదిహేనేళ్ళు, ఈ జూన్‌లో పదో తరగతి. ఆటిజం ఉందని ఐదో ఏట తెలిసింది. వాడికి మాట అంటే మాటే, అంకె అంటే అంకే. 'అమ్మా, పది నిమిషాలు తప్పని అందరికీ తెలుసు. మరి సరిచేయకుండా రోజూ పది తీసేయడం ఎందుకు?' అని అడిగాడొకసారి. మా ఆయన నా మొహం చూశారు, నేను అత్తయ్య మొహం చూశాను, ఆవిడ మీ మొహం చూశారు. మీరు టిక్కుమన్నారు.

పోనీ, పగలు చేసిన అబద్ధం వరకు క్షమించేదాన్ని. రాత్రుళ్ళు మీరు చేసినదానికే ఈ ఉత్తరం.

మీ వెనక గోడకి అవతలి వైపే వాడి మంచం. 'గడియారం చప్పుడుకి నిద్ర పట్టట్లేదు' అని వాడు చెబితే మేం నవ్వాం. తలుపేసి ఉంటే ఎలా వినిపిస్తుంది అన్నాం. ఒకరోజు రాత్రి రెండింటికి, వాడు నీళ్ళకి లేచినప్పుడు, వాడి దిండు మీద తల పెట్టి చూశాను. మొదట ఫ్యాను. తర్వాత వీధికుక్క. ఆ తర్వాత, ఒకసారి చెవికి దొరికాక ఇక వదలకుండా, మీరు. అది కూడా అన్నీ ఒకేలా లేవు. ఆరు నుంచి తొమ్మిదికి ఎక్కేటప్పుడు చప్పుడు బరువుగా ఉంది, తొమ్మిది దగ్గర ముల్లు వణికినట్టు రెండు చప్పుళ్ళు. గుమ్మం దగ్గర నిలబడి వాడన్నాడు: 'విన్నావా? తొమ్మిది దగ్గర దానికి కష్టంగా ఉంది. బ్యాటరీ అయిపోతోంది. ఎక్కుతుందో ఎక్కదో అని చూస్తూ ఉంటా.'

అంటే పిల్లాడు రాత్రంతా మీ ముల్లుని ఘాట్ రోడ్డు ఎక్కిస్తున్నాడన్నమాట. గంటకి అరవైసార్లు.

రైలు కూత మాత్రం వాడినేం చేయదు, చూశారా! మా ఇల్లు పట్టాలకి నాలుగు వీధుల అవతల. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ కూతకి ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. వాడు లేవడు, దానికి టైం టేబుల్ ఉందంటాడు. బండి లేటైతేనే కంగారు.

ఇక వాడి లెక్క. మీ మొహం చూడటానికి మంచం దిగి హాల్లోకి వచ్చేవాడు. మీరు 1:32 అంటారు. పది తీసేస్తే 1:22. ఆరింటికి లేవాలి. 'అమ్మా, ఇప్పుడు నిద్రపోతే నాలుగ్గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు.' నిద్రపోడు. మళ్ళీ వస్తాడు. 'నాలుగ్గంటల పదకొండు నిమిషాలు.' అంకె తగ్గేకొద్దీ గుండె దడ, చేతుల్లో చెమట. నిద్ర పట్టకపోవడంకన్నా మీరిచ్చే ఆ బాకీ లెక్కే వాణ్ణి ఎక్కువ మేలుకోబెట్టింది.

మీ చప్పుడుకి పక్కన నిలబడి తాళం వేసినదాన్ని నేను. అరగంటకోసారి మునివేళ్ళ మీద వెళ్ళి, తలుపు సందులోంచి 'పడుకున్నావా నాన్నా?' అనేదాన్ని. రెండుసార్లు, నిజంగా పడుకున్నవాడు ఆ మాటకే లేచాడు. మీకన్నా పెద్ద చప్పుడు నాదేనని ఒప్పుకుంటున్నాను. కాకపోతే నన్ను అటక ఎక్కించడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు.

సలహాల సంగతి ఎక్కువ రాయను. దిష్టి తీశాం, నిమ్మకాయ తొక్కాం, తాయెత్తు కట్టాం. ఆ తాడు మెడకి గుచ్చుకుని ఇంకో రాత్రి పోయింది. 'రెండు తగిలిస్తే వాడే పడుకుంటాడు' అన్న పెద్దమనిషికి కాఫీ కూడా ఇచ్చాను. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్ పెట్టిన ట్యూషనువాళ్ళేమో అందరికీ ఒకటే రూలన్నారు. మాన్పించాం. ఫీజు వెనక్కి రాలేదు.

చివరికి ఒక డాక్టరమ్మ మీ గురించి అడిగింది. ముందు గురక ఉందా, మలబద్ధకం ఉందా, రాత్రుళ్ళు కాళ్ళు గుంజుతాయా అని అడిగి, రక్తంలో ఐరన్ చూడమంది. సాయంత్రం టీ ఎన్నింటికి అంది. ఆరింటికి తాగిన టీలోని కెఫీన్ పదకొండింటికి కూడా ఇంచుమించు సగం ఒంట్లోనే ఉంటుందట. ఆ తర్వాత, 'రాత్రి టైం ఎందులో చూస్తాడు?' అంది. మీ పేరు చెప్పాను.

ఇప్పుడు మీకొక చేదు కబురు. 2017లో వైద్యంలో నోబెల్ బహుమతి గడియారం మీద పనిచేసినందుకే వచ్చింది. మీ జాతి గడియారం మీద కాదు, ఒంట్లో గడియారం మీద. జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు పళ్ళ మీద వాలే చిన్న ఈగల్లో అదెలా తిరుగుతుందో పట్టుకున్నారు. మనుషుల్లో అది మెదడు లోపల ఉండి వెలుతురుని బట్టి తన ముల్లు తనే సరిచేసుకుంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోనుతో 'ఇక చాలు' అని ఒళ్ళంతా కబురు పంపుతుంది. టీనేజిలో ఈ కబురు ఏ పిల్లలకైనా గంటా రెండు గంటలు ఆలస్యమే. ఆటిజం ఉన్నవాళ్ళలో సగానికి పైగా పిల్లలకి నిద్రతో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది, కొందరిలో ఈ మెలటోనిన్ లెక్కే వేరుగా ఉంటుంది. అంటే మీరు తొమ్మిదీ నలభై చూపిస్తూ 'పడుకో' అని దబాయిస్తున్నప్పుడు వాడి ఒంట్లో ఇంకా సాయంత్రం ఏడున్నర. మీ క్వార్ట్జ్ రాయి సెకనుకి 32,768 సార్లు కంపిస్తుందట, కంపించనివ్వండి. వాడి గడియారం మీకు సబార్డినేటు కాదు.

(మెలటోనిన్ మాత్ర సంగతి అడుగుతారేమో. డాక్టరు రాసి, మోతాదు చూసి, అవసరం లేనప్పుడు మాన్పించాల్సిన మందు అది. పక్కవీధి పిల్లకి పనిచేసిందని మందుల షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.)

ఒంటిని అదిమి ఉంచే బరువు దుప్పటి కూడా కొన్నాం. దాన్ని 2014లో బ్రిటన్‌లో ఆటిజం ఉన్న పిల్లల మీద పరీక్షించి చూస్తే నిద్ర పెరగలేదట, పిల్లలకి మాత్రం ఆ దుప్పటి నచ్చిందట. మావాడూ అంతే. మే నెల తిరుపతి ఎండల్లో కూడా వదలడు. ఫ్యాను ఐదులో ఉండాలి, దుప్పటి మీద ఉండాలి. కరెంటు పోతే ఫ్యానుతోపాటు నిద్రా పోతుంది కాబట్టి ఇన్వర్టరు వచ్చింది. ఆ బిల్లు మీకు చెప్పను.

మిమ్మల్ని దించాక మేం ఎవర్ని చూసి నేర్చుకున్నామంటే, కొండమీదున్నాయన్ని. స్వామికి తెల్లవారుజామున మూడింటికే సుప్రభాతం. రద్దీ రోజుల్లో స్వామిని పడుకోబెట్టే ఏకాంత సేవ అయ్యేసరికి అర్ధరాత్రి దాటి చాలాసేపవుతుంది. ఈ రెండింటి మధ్యా ఎంత ఉంటుందో లెక్కేసి, 'స్వామికి నాకన్నా తక్కువ' అని మావాడు చాలా తృప్తిపడ్డాడు. ఆ సేవలో వాడికి నచ్చింది వరస. ఏ రాత్రైనా అదే వరస: భోగ శ్రీనివాసమూర్తిని గొలుసుల మంచం మీద పవళింపజేయడం, పాలూ పళ్ళూ నివేదన, తాళ్ళపాక వంశంవారి జోల, మన తరిగొండ వెంగమాంబ ముత్యాల హారతి, తలుపులు. ఒకసారి తలుపులు వేశాక ఎవరూ మళ్ళీ తీసి 'స్వామీ, పడుకున్నావా?' అని అడగరు.

పాత క్యాలెండరు వెనకవైపు మావాడే రాసుకున్నాడు: 'మా ఇంటి ఏకాంత సేవ.' ట్యూబ్‌లైటు ఆపి పసుపు బల్బు. అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగుకి (నాది కూడా, గట్టిగా కొట్టేసిన గీతతో). గోరువెచ్చని నీళ్ళ స్నానం. మెడ దగ్గర లేబులు కత్తిరించిన పాత బనీను. పాలు. ఆ తర్వాత అవ్వ (అంటే మా అత్తయ్య) పక్కన కూర్చుని స్టేషన్లు చెప్పడం: తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి, వెంకటగిరి, గూడూరు... నెల్లూరు దాటేలోపు అవ్వ గురక. మా ఇంట్లో జోల పాడేది పిల్లాడు, నిద్రపోయేది అవ్వ.

ధనుర్మాసం రాగానే ఒక చిక్కొచ్చింది. ఆ నెల కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై, ఏకాంత సేవలో భోగ శ్రీనివాసుడి బదులు కృష్ణుడు. 'మరి మనమేం మార్చాలి?' అన్నాడు. బాగా ఆలోచించి దుప్పటి కింద పరిచే బట్ట మార్చాం. సంక్రాంతికి మళ్ళీ పాతది.

ప్రశ్నలకి వేరే వేళ పెట్టాం. 'రేపు లెక్కల సారు రాకపోతే ఎవరొస్తారు? బస్సు వేరే దారిలో వెళితే?' ఇవన్నీ ఇదివరకు రాత్రి పన్నెండింటికి వచ్చేవి. నేను 'అవన్నీ రేపు చూద్దాం, పడుకో' అనేదాన్ని. రేపంటేనే భయపడుతున్న పిల్లాడికి నేనిచ్చిన ధైర్యం అది! ఇప్పుడు రోజూ సాయంత్రం ఏడింటికి నోటుబుక్కు తెరుస్తాం. ఎడంవైపు తెలిసినవి, కుడివైపు తెలియనివి. తెలియనిదాని ఎదురుగా 'తెలీదు, తెలిశాక చెప్తాను' అని నేను రాసి సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే చెల్లదు.

నిద్ర వచ్చాకే మంచం ఎక్కడం, ఎన్నింటికి పడుకున్నా ఆదివారం కూడా ఆరింటికే లేవడం అన్నవి డాక్టరమ్మ రూల్సు. రెండో రూలు మా ఆయన ఆరోగ్యానికి సరిపడలేదు. మొదట్లో పన్నెండింటికి మంచమెక్కేవాడు, వారానికి పావుగంట చొప్పున వెనక్కి జరుపుకుంటూ పదకొండుకి తెచ్చాం. అన్ని రాత్రులూ కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం మొత్తం డప్పులతోనే గడిచింది. పరీక్షలప్పుడు మళ్ళీ మూడింటిదాకా మెలకువే. అలాంటి రాత్రి నేను వెళ్ళి గది బయట చాప మీద కూర్చుంటాను, ఏమీ అడగను. పుస్తకం చదువుతున్నట్టు నటిస్తాను. పసుపు బల్బు వెలుతురులో అక్షరాలు ఎలాగూ కనపడవు.

ఇప్పుడు అసలు పని. ఆగిపోయిన గడియారం ఇంట్లో ఉండకూడదని అత్తయ్య పట్టుబట్టారు. కావాలంటే మళ్ళీ తగిలించమన్నారు, లేదంటే ఎవరికైనా ఇచ్చేయమన్నారు. పంచాయితీ మావాడి దగ్గరికి వెళ్ళింది. వాడు మీకు మూడు షరతులు రాసిచ్చాడు. వంటింట్లో తూర్పు గోడకే ఉండాలి. రైల్వే టైంకి సెకనుతో సహా సరిపెట్టాలి, ఎవరూ ముందుకి తిప్పకూడదు. రాత్రి తొమ్మిదికి అవ్వ మీ మొహం మీద తువ్వాలు కప్పాలి. రెండో షరతు దగ్గర అత్తయ్య చాలాసేపు ఆగారు. 'ఐదు నిమిషాలన్నా ముందుంచరా అబ్బోడా' అన్నారు. వాడు తల అడ్డంగా ఊపాడు.

సమ్మతమైతే ఆదివారం దించుతాం. పాత బ్యాటరీ మాత్రం అడక్కండి. మీకు చాలని ఆ కాస్త శక్తీ వాడి చిన్న టార్చికి సరిపోయింది. రాత్రి నీళ్ళకి లేచినప్పుడు ట్యూబ్‌లైటు వేయకుండా అదే పట్టుకుని వంటింటిదాకా వెళ్ళొస్తున్నాడు.

ఇట్లు,
అబ్బోడి అమ్మ