చేరెడు బియ్యం, చేతిలో మైకు

మొన్న కోత పండుగ (పంటను దేవుడికి కానుకగా ఇచ్చే రోజు) నాడు మా చర్చిలో జరిగింది ఇక్కడ చాలామందికి ఇప్పటికే తెలుసు. వాట్సాప్ గ్రూపుల్లో మూడు రకాలుగా తిరిగింది. మూడింట్లోనూ నిజమైన సంగతి ఒకటుంది: ఆ మైకు పట్టుకున్నది నేనే.

ఆరాధన అయిపోయింది. ఫెలోషిప్ హాల్లో బల్లల మీద సొరకాయలు, గోంగూర కట్టలు, అరిసెలు, ఒక కరివేపాకు మొక్క. ఆ కానుకల వేలం మంచి ఊపు మీదుంది. గోంగూర కట్ట 120 డాలర్లకు పోయింది. కరివేపాకు మొక్క 300 పలికింది. నాకు కొంచెం పూనకం వచ్చినట్టే ఉంది. అప్పుడు ఎవరో ఒక గుడ్డసంచి అందించారు. విప్పి చూస్తే బియ్యం. నాలుగైదు పౌండ్లుంటాయి. సోనా మసూరి మధ్యలో అక్కడక్కడ పొడుగ్గా బాస్మతి గింజలు, కాసిని బ్రౌన్ రైస్.

"స్పెషల్ ఎడిషన్ మిక్స్‌డ్ రైస్ అండీ, కాస్ట్‌కోలో కూడా దొరకదు! ఐదు డాలర్లు, ఎవరైనా?" అన్నాను.

హాలంతా నవ్వింది. సంచి తెచ్చిన పెద్దావిడ కూడా నవ్వింది. అందరి కన్నా ఆలస్యంగా మొదలుపెట్టి, అందరి కన్నా ఆలస్యంగా ఆపింది. కొడుకు తల వంచుకునే వంద డాలర్లు పాడి, ఫోన్లో అక్కడికక్కడే జెల్‌లో డబ్బు పంపేశాడు. సంచి మళ్ళీ వాళ్ళ కారులోకే చేరింది.

పార్కింగ్ లాట్‌లో ఆవిడ నన్ను ఆపింది. డోర్నకల్ వైపు మనిషి, కొడుకు దగ్గర ఆర్నెల్లుందామని వచ్చింది. "నేనిచ్చింది మల్ల నాకే వచ్చింది గద బిడ్డా. దేవుడు వద్దన్నడా?"

ఆ బియ్యం సంగతి అప్పుడు చెప్పింది. ఇక్కడికి వచ్చిన రోజు నుంచీ వండే ముందు గిన్నెలోంచి ఒక గుప్పెడు తీసి, ఖాళీ పెరుగు డబ్బాలో వేసిందట. మామూలు రోజుల్లో సోనా మసూరి. చుట్టాలొచ్చిన రోజున బాస్మతి. కోడలికి షుగర్ అని తేలాక బ్రౌన్ రైస్. ఐదు నెలల వంటిల్లు ఆ సంచిలో ఉంది. నేను దాని మీద జోకేశాను.

పిడికెడు బియ్యం కానుక నాకు కొత్తదేం కాదు. మా నాయనమ్మ పొయ్యి పక్కన అచ్చం ఇలాంటి ముంత ఒకటుండేది. బియ్యం నిండుకున్న రోజున కూడా ముందు ముంతలోకి, తర్వాత ఎసట్లోకి. ఆ ముంతలోంచి దొంగతనంగా బియ్యం బుక్కి నేను తిన్న దెబ్బలు ఇంకే తప్పుకీ తినలేదు. 1912లో బిషప్ అయిన అజరయ్యగారు (ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్) డోర్నకల్‌లో కూర్చుని నడిపిన సంఘమంతా దాదాపుగా కూలి చేసుకునేవాళ్ళే. చేతిలో డబ్బు ఆడనివాళ్ళు ధాన్యం తెచ్చారు, కోడి తెచ్చారు, గుడ్లు తెచ్చారు. ఇవ్వడానికి మీ దగ్గర ఏమీ లేదు కదా, మానేయండి అని ఆయన వాళ్ళకు చెప్పలేదు. వాళ్ళకు అంతకు మించిన గౌరవం ఆ రోజుల్లో ఎవరిచ్చారు?

అలాగని ఊళ్ళో అంతా పవిత్రంగా ఉండేదనీ అనను. మా ఊరి గుడిలో (చర్చినే అలా అంటాం) ఫ్యాను రెక్కల మీద దాత పేరు ఎర్ర రంగుతో రాసి ఉండేది. ఫ్యాను తిరిగితే పేరు కనపడదని, మే నెల ఎండలో కూడా ఆ ఫ్యాను వేస్తే మా తాతయ్య ముఖం మాడ్చుకునేవాడు. వేలంపాట అక్కడా ఉండేది. కాకపోతే ఒక సొరకాయను పాడినాయన దాన్ని మళ్ళీ బల్ల మీదే పెట్టేవాడు, ఇంకొకరు పాడేవారు. సాయంత్రానికి ఆ సొరకాయ ఐదారుగురికి అమ్ముడుపోయి, చివరికి పాస్టరమ్మగారి పులుసులోకి వెళ్ళేది. ఎవరి కానుకనూ చూసి నవ్విన గుర్తు నాకు లేదు. (గుర్తు లేకపోవడం నాకు అనుకూలమేననుకోండి.)

ఇంటికొచ్చి ఆ రాత్రి లేవీయకాండం తీశాను. నిజం చెప్పాలంటే, బైబిలంతా చదువుతానని జనవరిలో మొదలుపెట్టి ఏటా నేను ఆగిపోయే పుస్తకం అదే. ఈసారి మొదటి అధ్యాయంలోనే ఒక మాట పట్టుకుంది. దహనబలికి కలిగినవాడు కోడెను తెస్తాడు. అంత లేనివాడు గొర్రెనో మేకనో. అదీ లేనివాడు గువ్వనో పావురపు పిల్లనో. కోడె గురించి చెప్పాక "ఇంపైన సువాసన" అని ఉంటుంది. గొర్రె దగ్గర అదే మాట. గువ్వ దగ్గరా అదే మాట. ఐదో అధ్యాయంలో పాపపరిహారార్థబలికి గువ్వలు కూడా తేలేనివాడు కాస్త గోధుమపిండి తెచ్చినా చాలన్నారు. బాలయేసును దేవాలయానికి తెచ్చినప్పుడు మరియమ్మ ఇచ్చింది ఆ పక్షుల జతే, గొర్రెపిల్ల కాదు.

ఈ పత్రిక చదివే హిందూ మిత్రులకు ఒక విషయం చెప్పాలి. మా తెలుగు బైబిల్లో ధాన్యపు అర్పణను నైవేద్యం అనే అంటారు. పిండి, నూనె, సాంబ్రాణి. ఉప్పు తప్పనిసరి. తేనె, పులిసిన పిండి నిషిద్ధం. అందులోంచి యాజకుడు (పూజారి) చేరెడు తీసి బలిపీఠం మీద జ్ఞాపకార్థంగా దహిస్తాడు. మిగిలింది ప్రధాన యాజకుడైన అహరోనుకూ అతని కుమారులకూ. అంటే దేవుడి భాగం కొలత చేరెడే. ఆ పెద్దావిడ గుప్పెడు దగ్గర నేను రాత్రి ఒంటిగంట దాకా ఆగిపోయాను.

క్రీస్తు ఒక్కసారే అర్పణ అయ్యాడు, ఇక పశువుల బలులు అక్కర్లేదని మా నమ్మకం. అయినా ఇచ్చే పని ఆగలేదు. మీ శరీరాలనే సజీవయాగంగా సమర్పించుకోండని పౌలు రోమీయులకు రాశాడు. బైబిల్లోని హెబ్రీ పత్రిక (లేఖ) స్తుతిని యాగమంది. ఆ వెంటనే ఉపకారాన్నీ ధర్మాన్నీ కూడా యాగాలేనంది. పొయ్యి మీద గిన్నె పెట్టబోతూ చెయ్యి ఆపి, ఒక గుప్పెడు పక్కకు తీయడం ఇందులో ఎక్కడ పడుతుందో పండితులు చెప్పాలి. నా లెక్కలో అన్నిట్లోనూ పడుతుంది.

ఇక నా రెండో తప్పు. మన ఉగాది ఫ్లయర్‌లో విరాళాన్ని బట్టి దాతలకు ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అని ఉంటుంది కదా. ఆ టెంప్లేట్ రంగులు మార్చి కోత పండుగకు తెచ్చింది కూడా నేనే. ట్రెజరర్‌గా నాకూ కారణాలున్నాయి. హాలు అద్దె, ఇన్సూరెన్స్, పాస్టరుగారి జీతం ఎవరో ఒకరు కట్టాలి. ఈ వేలం డబ్బుతోనే పోయినేడు ఊళ్ళో హాస్టల్ పిల్లలకు దుప్పట్లు పంపాం. ప్లాటినం వాళ్ళంతా గొప్పలకు ఇచ్చేవాళ్ళేం కాదు. ఒకాయన ఉద్యోగం పోయిన ఏడాదిలో కూడా ఇచ్చాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, అయినా నేను దాతల స్లైడ్‌లో ఆయన పేరు వేశాను.

మరి నేనిచ్చిన ఐదు వందల డాలర్ల కానుక మాట? దానికి కంపెనీ మ్యాచింగ్ (మనమిచ్చినదానికి కంపెనీ కూడా జతచేసేది) ఉంది, ట్యాక్స్ రసీదు ఉంది, స్లైడ్‌లో పేరుంది. వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని దహనబలిగా అర్పించనన్నాడు దావీదు రాజు. ఆ ఐదు వందలు ఇచ్చిన నెలలో మా ఇంట్లో కాఫీ కూడా తగ్గలేదు.

కమిటీవాళ్ళు కోపగించుకోకుండా వినండి. వచ్చే ఏడు వేలం పెట్టుకుందాం, గోంగూర కోసం కొట్టుకుందాం, నవ్వుకుందాం. కానీ కానుకగా తెచ్చిన బియ్యాన్ని పాటలో పెట్టొద్దు. ముందు బలిపీఠం దగ్గర ఉంచి ప్రార్థన చేద్దాం. ఆ బియ్యంతోనే అన్నం వండి, మధ్యాహ్నం అందరం కలిసి తిందాం. స్లైడ్లు తీసేద్దాం. కానుకల సంచి మామూలుగా వరసల్లో తిరగనిద్దాం, ఎవరెంత వేశారో సంచికి తెలిస్తే చాలు.

మీటింగ్ వచ్చే ఆదివారం, ఆరాధన కాగానే. వేలంలో మైకు నా చేతికి ఇవ్వొద్దని మొదటి తీర్మానం నేనే పెడుతున్నాను. పెద్దావిడ ఇరవయ్యో తేదీన ఇండియా వెళ్ళిపోతోంది. ఆ సంచి ఇంకా వాళ్ళ గరాజ్‌లోనే ఉందట. ఈలోగా ఎవరైనా దాన్ని మళ్ళీ గుడికి తెస్తే బాగుండు. నేనే వెళ్ళి అడగాలి, ఇంకా ధైర్యం చాలడం లేదు.