సొమ్మొకరిది, సోకు తమరిది

రాకీ పర్వత సానువుల్లో సగం సొంత సంపాదనతోనూ, సగం ఇరుగుపొరుగు వేళ్ల మీదా కాలక్షేపం చేస్తున్న మహారాజశ్రీ ఇండియన్ పెయింట్‌బ్రష్ మొక్క గారి సముఖానికి,

తమరిని పరాన్నభుక్కని నోరారా తిడదామంటే ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఆకుల నిండా పత్రహరితం ఉంది, కిరణజన్య సంయోగక్రియ నిక్షేపంగా సాగుతోంది. అంటే పొయ్యి వెలుగుతున్న ఇల్లే. అయినా భూమి పైన ఎవరి దారిన వారున్నట్టు కనిపిస్తూ, లోపల మాత్రం పక్కనున్న గడ్డి వేళ్లకో, సేజ్‌బ్రష్ పొద వేళ్లకో హాస్టోరియాలనే పీల్చుడు అవయవాలను తగిలించి, వాటి దారువులో, అంటే లోపలి నీటి గొట్టాల్లో, పారే నీటినీ లవణాలనూ తమ వైపు మళ్లించుకుంటారు. ఆ ధార ఆగకుండా ఉండేందుకు నీటిని ఆవిరిగా వదిలే తమ పత్రరంధ్రాలను బార్లా తెరిచి ఉంచుతారు. పొదుపు పొరుగువారిది, దుబారా తమరిది.

లూపిన్ మొక్క సంగతి మరీ అన్యాయం. తనను పురుగులు మేయకుండా అది కష్టపడి చేదు ఆల్కలాయిడ్లను తయారుచేసుకుంటే, తమ వంశీకులు దాని వేళ్లను పట్టుకుని ఆ చేదును కూడా తెచ్చుకుని ఒంట్లో దాచుకుంటారు. అన్నం పెట్టమన్న అతిథులను చూశాం గానీ, తిన్నాక ఇంటివాడి చేతికర్ర కూడా పట్టుకుపోయే అతిథిని ఇక్కడే చూశాం. టెక్సస్‌లోని తమ బంధువు ఒకరు ఆ చేదును ఆకులదాకా రానిచ్చి, తేనెలోకి మాత్రం రానివ్వలేదని పరిశోధకులు గమనించారు. తేనె కోసం వచ్చే గిరాకీ చెడకూడదు కదా!

పోనీ, కంటికింపైన తమ ఎరుపైనా పువ్వుదేనా అంటే అదీ కాదు. మేము మురిసిపోయి ఫొటోలు తీసుకునేది రంగు తేలిన పుచ్ఛాలను, అంటే ఆకుల మారువేషాలను. అసలు పువ్వు వాటి మధ్య సన్నని పచ్చటి గొట్టమై నక్కి ఉంటుంది. తేనె తాగే పిట్ట హమ్మింగ్ బర్డ్‌కు ఆ గొట్టం ఎక్కడుందో తెలుసు, మాకే తెలియలేదు. చివరికి కాస్టిల్లెహా అన్న శాస్త్రీయనామం కూడా స్పెయిన్ వృక్షశాస్త్రవేత్త డొమింగో కాస్టిల్లెహో గారిదే.

ఇన్ని అరువుల మీద నిలబడిన తమ కుటుంబంలోని ఒక జాతిని అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం 1917లో అధికారిక పుష్పంగా ప్రకటించింది. అక్కడి గడ్డికి అటువంటి గౌరవం దక్కడానికి 2007 దాకా పట్టింది.

తమ అందానికి ముగ్ధులై తవ్వి తీసుకెళ్లి పెరట్లో ఒంటరిగా నాటినవారు, తమరు వాడిపోగానే ‘పాపం, ఎంత సుకుమారం’ అని నిట్టూరుస్తారు. ఆ తవ్వకంలో వేళ్లు తెగిన గడ్డిదుబ్బును వెనక్కి తిరిగి చూసినవారు లేరు.

ఇట్లు,
తమ ఎరుపును దగ్గరగా చూడాలని ఆ గడ్డినే తొక్కుకుంటూ వచ్చిన ఒక బాటసారి