‘డిగ్రీ అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు’ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ‘డిగ్రీ అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు’ గారి సముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ నా మోకాళ్లు తప్ప మిగతా అంతా క్షేమం. మీ క్షేమం గురించి నాకు బెంగ లేదు. పోలీసు ఉద్యోగాల ప్రకటన పడితే చాలు, పైన లావుపాటి అక్షరాల్లో మీరే దర్శనమిస్తారు. మీ కింద చిన్న అక్షరాల్లో ఇంకో నలభై లైన్లుంటాయి గానీ, మిమ్మల్ని చూశాక వాటిని చదివే ఓపిక ఎవరికుంటుంది?

మనకు పరిచయమైన రోజు మీకు గుర్తుండదు. నాకుంది. బట్టల షాపులో రెండేళ్ల అనుభవం అడిగారు. ఫోనెత్తి మాట్లాడే ఉద్యోగానికి డిగ్రీ అడిగారు. పార్కింగ్ దగ్గర చీటీలు చింపి ఇచ్చే పనికి కూడా ‘ఇంతకుముందు ఎక్కడ చేశావు’ అన్నారు. అలా తిరిగి తిరిగి వచ్చి కూర్చున్న నాకు మీరు కనిపించారు. చీటీ చింపడానికి అనుభవం కావాలట, మనిషి చేతికి బేడీలు వేయడానికి అక్కర్లేదట. లోకంలో నన్ను నమ్మింది మీరొక్కరే అనుకుని ఆ రాత్రే దరఖాస్తు నింపాను. అందులో ‘పూర్వానుభవం’ అని ఒక గడి ఉంది. మీరు అక్కర్లేదన్నాక ఆ గడికి అక్కడేం పనో తెలియలేదు. ‘లేదు’ అని గుండ్రంగా రాశాను.

తలలో ఏముందో అడగనన్న మాట మీరు నిలబెట్టుకున్నారు. దానికి బదులు తక్కినదంతా అడిగారు. ఎత్తు కొలిచే చెక్క నెత్తిమీద టక్కుమని పడింది. జుట్టు లెక్కలోకి రాదట, అరచేత్తో అణిచి మళ్లీ కొలిచారు. రంగురంగుల చుక్కల్లో దాక్కున్న అంకె ఎంతో చెప్పమన్నారు. ముంజేతి మీది పచ్చబొట్టుకి ఫొటో తీసుకున్నారు, నాకు మాత్రం తీయలేదు. ఇన్నేళ్లలో ఎక్కడెక్కడ కాపురమున్నానో, ఎవరికెంత బాకీ ఉన్నానో రాయమన్నారు. బాకీల దగ్గరకొచ్చేసరికి ఇచ్చిన కాగితం చాల్లేదు. ఎక్స్‌ట్రా షీట్ అడిగాను. నా జన్మలో ఎక్స్‌ట్రా షీట్ అడిగిన పరీక్ష అదొక్కటే.

పరుగు సంగతి చెప్పను. మోకాళ్ల గురించి పైన రాశాను కదా.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. మధ్యలో మేడం, అటూ ఇటూ ఇద్దరు సార్లు. సార్లిద్దరికీ నేను వెళ్లేసరికే ఏసీ దగ్గర పడటం లేదు. ఒకాయన పెంచుతారు, రెండో ఆయన తగ్గిస్తారు. రిమోటు నా కళ్లముందే నాలుగుసార్లు చేతులు మారింది. మేడం అదేమీ పట్టించుకోకుండా కాగితం చూసి చదివారు: “మీ అనుభవంలో, ఇద్దరి మధ్య గొడవను మీరు సర్దుబాటు చేసిన సందర్భం ఒకటి చెప్పండి.”

నేను మిమ్మల్నే తలుచుకున్నాను. “మేడం, అనుభవం అక్కర్లేదని ప్రకటనలో...”

“అది ఉద్యోగానుభవం. నేనడిగేది జీవితానుభవం.”

అనుభవంలో ఇలా రెండు రకాలున్నాయని ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే, నాలుగు గొడవలు చూసి పెట్టుకునేవాణ్ణి కదా! అప్పటికి తోచింది చెప్పాను. ఒకసారి బస్సులో కిటికీ సీటు కోసం ఇద్దరు కొట్టుకుంటుంటే, ఆ సీట్లో నేనే కూర్చున్నాను. గొడవ అక్కడితో ఆగింది. మేడం రాసుకోవడం కూడా అక్కడితోనే ఆగింది.

ఉద్యోగం రాలేదు. ఖాళీగా కూర్చుని మీ వంశచరిత్ర తవ్వాను.

మీ తాతగారు 1829లో లండన్‌లో తిరిగారు. రాబర్ట్ పీల్ హోంమంత్రిగా మెట్రోపాలిటన్ పోలీసు పెట్టినప్పుడు కానిస్టేబుల్‌కి అడిగింది కొంచెమే: 35 ఏళ్లలోపు వయసు, 5 అడుగుల 7 అంగుళాల ఎత్తు, చదవడం రాయడం, మంచి నడవడిక. సెప్టెంబర్ 29న మొదటి బ్యాచ్ వీధుల్లోకి దిగింది. ఒకటో నంబరు ఇచ్చిన కానిస్టేబుల్‌ని, తాగి డ్యూటీలో ఉన్నాడని మొదటి రోజే పీకేశారు. పాపం, అనుభవం లేకుండా వచ్చినవాడు ఒక్కరోజు అనుభవంతో వెళ్లాడు.

మీ వంశంలో నాకు బాగా నచ్చినవారు మాత్రం అమెరికాలో ఉన్నారు. కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ లండన్ అని ఒక ఊరు. 1996లో అక్కడ పోలీసు ఉద్యోగానికి ఒకాయన పరీక్ష రాశాడు. 12 నిమిషాలు, 50 ప్రశ్నలు. ఆయనకు 33 వచ్చాయి. ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు. ఏమయ్యా అంటే, మార్కులు ఎక్కువయ్యాయి! ఆ ఊరివాళ్లు పిలిచింది 20 నుంచి 27 మధ్య వచ్చినవాళ్లనే. మరీ తెలివైనవాడైతే ఈ పనిలో విసుగొచ్చి మధ్యలో వెళ్లిపోతాడట, శిక్షణకు పెట్టిన ఖర్చు దండగట. ఆయన కోర్టుకెక్కాడు. కింది కోర్టులో ఓడాడు. 2000లో అప్పీళ్ల కోర్టులోనూ ఓడాడు. ఈ కొలత అందరికీ ఒకేలా పెట్టారు కాబట్టి ఇందులో వివక్ష లేదన్నారు.

చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. అక్కడ మతి ఉన్నందుకు ఉద్యోగం పోయింది. ఎత్తుకి ఇంతకు తగ్గకూడదని హద్దు పెట్టడం నేనెరుగుదును. తెలివికి ఇంతకు మించకూడదని హద్దు పెట్టడం అప్పుడే తెలిసింది. అది చదివిన రోజు నాకు కొంచెం ఊరట కూడా కలిగిందని ఒప్పుకుంటాను. నాకు రాకపోవడానికి కారణం అదేనేమోనని ఇంట్లో ఒకటికి రెండుసార్లు అన్నాను. ఎవరూ మాట్లాడలేదు.

చట్టం తెలియదంటే కుదరదని మాలాంటి మామూలు జనానికి చెప్తుంటారు కదా. అది మీ దారిన వచ్చినవాళ్లకూ అంతేనా అని చూశాను. 2009లో నార్త్ కరొలైనాలో ఒక ఆఫీసర్, వెనక బ్రేక్ లైటు ఒకటి వెలగడం లేదని కారు ఆపాడు. సోదా చేస్తే కొకైన్ దొరికింది. తీరా చూస్తే ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ఒక్క బ్రేక్ లైటు వెలిగినా చాలునని అక్కడి అప్పీళ్ల కోర్టు తేల్చింది. అంటే ఆపడానికి చెప్పిన కారణమే చట్టంలో లేదు. వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా నడిచింది. 2014లో ఎనిమిది మంది జడ్జీలు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు నిలిచి ఇచ్చిన తీర్పేమిటంటే, ఆఫీసర్ చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకున్నా ఆ తప్పు సబబైనదైతే కారు ఆపడం చెల్లుతుంది. నా బాకీల షీట్లో ఇలాంటి సబబైన తప్పులు చాలా ఉన్నాయి. ఒక్కటీ చెల్లలేదు.

మీ మీద నాకు కోపం ఉందనుకోకండి. డిగ్రీ అడగనందుకు అసలే లేదు. డిగ్రీ ఉన్న మా కజిన్‌తో పది నిమిషాలు మాట్లాడినవాళ్లెవరికీ ఉండదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2016లో ఇక కొత్తగా వచ్చేవాళ్లందరికీ డిగ్రీ ఉండాలి, లేదా ఉద్యోగంలో ఉంటూ చదవాలి అన్నారు. 2022లో హోంమంత్రి డిగ్రీ లేని దారి కూడా ఉండాలన్నారు. 2024లో ఆ దారి తెరిచారు. మిమ్మల్ని ఇంట్లోంచి వెళ్లగొట్టి, మళ్లీ బతిమాలి తెచ్చుకున్నారన్నమాట.

నా గొడవల్లా మీ తర్వాతి లైనుతోనే. ఫిన్లాండ్‌లో కూడా పోలీసు కావడానికి వచ్చేవాణ్ణి డిగ్రీ అడగరు. అక్కడా మీరే ఉన్నారు. కాకపోతే అక్కడ మీ వెనకే ఇంకో లైను నిలబడి ఉంటుంది: ‘మేం నేర్పిస్తాం, మూడేళ్లు పడుతుంది’. చివర్లో డిగ్రీ వాళ్లే చేతిలో పెడతారు. అమెరికా అకాడమీల్లో 2018 లెక్కల ప్రకారం ప్రాథమిక శిక్షణ సగటున 833 గంటలు. వారానికి 40 గంటలు వేసుకుంటే ఐదు నెలలు. అందులో తుపాకీకే 73 గంటలు. మిగిలినవాటిలో చట్టం, బండి నడపడం, రిపోర్టు రాయడం, దెబ్బ తగిలినవాడికి కట్టు కట్టడం, అన్నీ సర్దుకోవాలి.

ఆ ఐదు నెలల తర్వాత ఒక రాత్రి రెండింటికి తలుపు కొడతాడు మీరు తీసుకున్న కుర్రాడు. తలుపు తీసేసరికి లోపల మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఏడుస్తుంటారు. ఇద్దరూ ఒకరినొకరు వేలెత్తి చూపిస్తుంటారు. కింద గాజుపెంకులు. మూలన ఆరేళ్ల పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుని, ఈ యూనిఫాం వేసుకున్న అన్న ఏం చేస్తాడా అని చూస్తుంటుంది. అప్పుడు వాడి దగ్గర ఉండేది ఎత్తు, రంగులు గుర్తుపట్టే కళ్లు, పరుగు. గదేమో పది అడుగులు. పరిగెత్తడానికి చోటు కూడా ఉండదు.

మేడం నన్నడిగిన ప్రశ్న ఆ గది గురించేనని ఇప్పుడర్థమవుతోంది. కాకపోతే దాన్ని శిక్షణ చివర అడగాల్సింది, తలుపు దగ్గరే నన్నడిగారు.

వచ్చే ప్రకటనలోనూ మీరు పైనే ఉంటారని తెలుసు. నేను మళ్లీ దరఖాస్తు పెడుతున్నాను. మోకాళ్లకు కట్టు కూడా కొన్నాను.

ఇట్లు,
మీ మాట నమ్మిన
ఒక అభ్యర్థి

తా.క.: ఈసారి ‘పూర్వానుభవం’ గడిలో ‘లేదు’ అని రాయను. ఆ రోజు నేను లేచి వస్తూ వస్తూ, చలేస్తున్న సారుని ఏసీకి దూరంగా ఉన్న కుర్చీలోకి, ఉక్కపోస్తున్న సారుని దాని ఎదురుగా ఉన్న కుర్చీలోకి మార్చి కూర్చోబెట్టి వచ్చాను. ఇద్దరూ థాంక్స్ కూడా చెప్పారు. మేడం అప్పటికే మార్కులు వేసేశారు.