టీఎస్‌హెచ్‌లో స్టేట్ ఫస్ట్

మే నెల మిట్టమధ్యాహ్నం బెజవాడలో దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషిని ఎవరైనా చూశారా? మా ఆయన చూశారు. చూసి ఏసీ ఆపారు, ఫ్యాన్ కూడా ఆపారు, చెమటలు కక్కుతూ నన్ను సూర్యారావుపేట తీసుకెళ్లారు. ఒళ్లు బరువు, మలబద్ధకం, దువ్వెన నిండా జుట్టు, సాయంత్రం ఐదింటికే కళ్లు మూతలు పడటం, వీటన్నిటినీ వయసు ఖాతాలో రాసేసుకున్నాను. బెజవాడ ఎండలో చలి వేయడం మాత్రం ఏ ఖాతాలోనూ పట్టలేదు. థైరాయిడ్ పరీక్షకు రక్తం తీశారు. సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. టీఎస్‌హెచ్ 11.4.

దాన్ని డాక్టరుగారు చూడకముందే లిఫ్టులో నాలుగో అంతస్తు వదిన అడిగేసింది.

"ఎంతొచ్చింది?"

బయటి ఊళ్లవాళ్ల కోసం ఇక్కడ కాస్త వివరణ అవసరం. మా ఊళ్లో "ఎంతొచ్చింది" అంటే ఒకప్పుడు ఒకటే అర్థం, ర్యాంకు. ఇంటర్ హాస్టళ్లు, ఎంసెట్ కోచింగులు, ఫ్లెక్సీల మీద పిల్లల ఫొటోలు, ఫొటోల కింద నంబర్లు. ఇంటికొచ్చిన పిల్లాడికి మంచినీళ్లిచ్చేలోపే "నీకెంత? పక్కింటి వాడికెంత?" అని అడిగిన తల్లుల్లో నేనూ ఉన్నాను, దాచుకోవడం దేనికి. ఆ పిల్లలు డాలస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్లిపోయాక అడగడానికి మాకు నంబరు లేకుండా పోయింది. ఆ లోటును థైరాయిడ్ తీర్చింది. ఎంసెట్ ర్యాంకులాగే ఇది కూడా ఎంత చిన్నదైతే అంత గొప్పదని మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లందరం ఏకగ్రీవంగా నమ్మాం. వదినకు 0.08. అంటే దాదాపు స్టేట్ ఫస్ట్. నా 11.4 విని, లాంగ్‌టర్మ్‌లో చేర్పించిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

డాక్టరుగారు రిపోర్టు చూసి నన్నో వింత ప్రశ్న అడిగారు. "మీ అబ్బాయిని పొద్దున్నే చదువుకు లేపేటప్పుడు ఎంత గట్టిగా అరిచేవారమ్మా?"

కింది వీధి దాకా వినపడేదని ఒప్పుకున్నాను.

"టీఎస్‌హెచ్ అంటే ఆ అరుపే. అరిచేది థైరాయిడ్ కాదు, మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి. గొంతు దగ్గరున్న థైరాయిడ్ లేచి పని చేస్తుంటే మామూలు గొంతుతో పిలుస్తుంది. లేవకపోతే అరుపు పెంచుతుంది. మీ అరుపు 11.4 దాకా పోయింది, పిల్లాడు మాత్రం ఇంకా ముసుగు తన్ని పడుకునే ఉన్నాడు. చూడండి, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్, ఈ ఫ్రీ టీ4 కూడా తక్కువే ఉంది."

"మరి 0.08 వచ్చినవాళ్లు?"

"అక్కడ పిల్లాడు రాత్రంతా నిద్రపోకుండా ఇల్లు పీకి పందిరేస్తున్నాడేమో చూడాలి. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. మందు డోసు ఎక్కువై కూడా అలా కావచ్చు. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే ఎముకలు పలచబడతాయి, గుండె లయ తప్పొచ్చు. సాధారణంగా పెద్దవాళ్లకు సుమారు 0.4 నుంచి 4 దాకా ఉంటే చాలు. గర్భిణులకు లెక్క వేరు."

యాంటీబాడీ పరీక్ష కూడా చేయించారు. నా ఒంట్లోని రక్షణ వ్యవస్థే నా థైరాయిడ్ మీద పడిందట. ఈ జబ్బును హకారు హషిమోటో అనే జపాన్ డాక్టరు 1912లోనే వివరంగా రాసిపెట్టారట. బెజవాడ మనిషికి జపాన్ పేరున్న జబ్బు! ఆ రోజు నుంచి మా ఆయన నాతో కాస్త మర్యాదగా మాట్లాడుతున్నారు.

అరుపు సిద్ధాంతాన్ని అపార్ట్‌మెంట్‌లో వివరించాను. ఎవరికీ నచ్చలేదు. అందులో ఫస్టు లేదు, సెకండు లేదు, పాసైనవాళ్లందరూ ఒకటే. అలాంటి పరీక్షను ఈ ఊరు ఎలా ఒప్పుకుంటుంది?

పైగా ర్యాంకు ఉన్నచోట అక్రమాలు ఉండి తీరతాయి. మొదటి అంతస్తు పిన్నిగారు రక్తం ఎప్పుడూ భోజనం వేళ దాటాకే ఇస్తారు. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుందని ఆవిడకు ఎవరో చెప్పారు. నిజమే. అందుకే పోయినసారి పొద్దున, ఈసారి మధ్యాహ్నం ఇచ్చి రెండిటినీ పోల్చుకుంటే బోల్తా పడతాం. కానీ పిన్నిగారికి కావలసింది పోలిక కాదు, మార్కులు. ఇంకొకావిడది పరీక్ష ముందు రాత్రి చదువు. నెలన్నర మాత్ర ముట్టదు, చివరి వారం మాత్రం క్రమం తప్పకుండా వేసుకుంటుంది. రిపోర్టులో టీ4 బాగుంటుంది, టీఎస్‌హెచ్ ఆకాశంలో ఉంటుంది. ఇన్విజిలేటర్‌కు దొరికిపోయేది ఇక్కడే. టీ4 వారంలో పుంజుకుంటుంది కానీ అరిచి అరిచి ఉన్న పిట్యూటరీ అంత తొందరగా శాంతించదు. డోసు మార్చినా 6 నుంచి 8 వారాలు ఆగి చూడమనేది అందుకే.

నాకు ఇచ్చింది 50 మైక్రోగ్రాముల మాత్ర. ఆవగింజ కంటే కాస్త పెద్దది, మడి మాత్రం మా నాయనమ్మను మించింది. పరగడుపున, ఉత్త నీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా తాకకూడదు, తాకితే మాత్ర ఒంటికి సరిగా పట్టదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలు 4 గంటలు ఎడంగా ఉండాలి. ఎదురుగా మా ఆయన పొగలు కక్కే ఫిల్టర్ కాఫీ చప్పరిస్తుంటే గోడ గడియారం ముల్లును చూస్తూ కూర్చునే ఆ అరగంట, ఇంద్రకీలాద్రి మీద అర్జునుడి తపస్సుకు ఏమాత్రం తీసిపోదు.

క్యాబేజీ గురించి ఒక్క మాట. రైతు బజారులో ఆ కూర ముందు నిలబడితే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి "మీకు థైరాయిడ్ కదా" అంటున్నారు. ఉడికించి అందరిలా తింటే ఏమీ కాదన్నారు డాక్టరుగారు. ఆయనే ఇంకో మాట కూడా అన్నారు, అది నేను అపార్ట్‌మెంట్‌లో చెప్పలేదు. థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు చాలామందిలో 2 నుంచి 5 కేజీలేనట. మిగతా పన్నెండు కేజీలకు గాంధీనగర్ వెన్న ఇడ్లీ సమాధానం చెప్పాలి.

ఇక ర్యాంకుల ఫ్లెక్సీలు ఉండే సెంటర్లలోనే ఇప్పుడు ల్యాబ్ ప్యాకేజీల ఫ్లెక్సీలు వేలాడుతున్నాయి. తక్కువ ధరకు డజన్ల కొద్దీ పరీక్షలు. నాలాంటి కేసులో మాత్ర సరిపోతోందో లేదో చూడటానికి చాలాసార్లు టీఎస్‌హెచ్ ఒక్కటే చాలు. థైరాయిడ్ ఇంకో హార్మోన్ టీ3 చూసి తేల్చేదేమీ ఉండదు, ఒకసారి పాజిటివ్ వచ్చిన యాంటీబాడీని మళ్లీ మళ్లీ కొలవాల్సిన పనీ లేదు. కానీ కోచింగ్ సెంటర్‌లో ఒక్క సబ్జెక్టుకే ఫీజు కడతామంటే వింటారా?

ఇంతలో పిడుగు పడింది. వదిన 0.08 చూసి వాళ్ల డాక్టరు మాత్ర తగ్గించబోయారు. దడ లేదు, వణుకు లేదు, మనిషి సన్నబడిందీ లేదు. అనుమానం వచ్చి "వేరే మాత్రలేమైనా వాడుతున్నారా?" అని అడిగారు. జుట్టు ఊడుతోందని బ్యూటీ పార్లర్ అమ్మాయి చెప్పిన బయోటిన్ అనే విటమిన్ మాత్ర బయటపడింది, రోజుకు 10 మిల్లీగ్రాములు. చాలా యంత్రాలు హార్మోన్‌ను పట్టుకోవడానికి బయోటిన్‌నే గాలంలా వాడతాయి. రక్తంలోనే అది నిండిపోతే యంత్రం తికమకపడి టీఎస్‌హెచ్‌ను లేనంత తక్కువగా, టీ4ను లేనంత ఎక్కువగా చూపిస్తుంది. ఆ మాత్ర ఆపించి, వారం ఆగి మళ్లీ రక్తం తీశారు.

6.3.

సాయంత్రం వాకింగ్‌లో ఎవరూ నోరెత్తలేదు. "నేను కాపీ కొట్టలేదు, మాత్రే కొట్టింది" అని వదిన ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పుకుంది. పిన్నిగారు మాత్రం, ఆ జుట్టు మాత్ర పేరేమిటని నన్ను గుసగుసగా అడిగారు.

నాకు రెండు నెలలకు 3.2 వచ్చింది. దుప్పటి అటక ఎక్కింది, మా ఆయన ఫ్యాన్ తిరుగుతోంది. ఆ రాత్రి డాలస్ నుంచి అబ్బాయి వీడియో కాల్ చేశాడు.

"అమ్మా, ఎంతొచ్చింది?"

"మూడు పాయింట్ రెండు నాన్నా!"

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. కళ్లజోడు సర్దుకున్నాడు.

"సర్లే. పక్కింటి ఆంటీకెంత?"